రజులమ్మ డెక్కు మీద

ఓడల గురించి వచ్చిన పుస్తకాలు తిరగేస్తే వాటిలో ఏముంటుందో ఇట్టే తెలిసిపోతుంది. ఓడ బరువెంత, పొడవెంత, ఏ రేవులో తయారైంది, ఎన్ని పొగగొట్టాలు, యుద్ధంలో ఏం చేసింది, చివరికి ఎవరికి అమ్మేశారు. ఆ ఓడలో అన్నం ఎవరు వండారు, పసిపిల్లల గుడ్డలు ఎక్కడ ఆరేశారు, ముట్టయిన ఆడవాళ్లు ఆ వారం రోజులూ ఏం చేశారు అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు దొరకదు. నాకు బాగా తెలిసిన ఓడ ఒకటుంది. దాని గురించి ఆ పుస్తకాలు చెప్పే సంగతులన్నీ నిజమే. అయితే మా అమ్మ చెప్పిన సంగతులు ఏ ఒక్క పుస్తకంలోనూ లేవు.

దాని పేరు రజులా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం 1926లో గ్లాస్గోలోని బార్క్లే కర్ల్ వాళ్లు కట్టారు. నల్లటి పొగగొట్టం, దాని చుట్టూ రెండు తెల్ల పట్టీలు. మద్రాసులో బయలుదేరి నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెట్టెన్‌హామ్ మీదుగా సింగపూర్ వెళ్లేది. మళ్లీ అదే దారిన తిరిగి వచ్చేది. యుద్ధకాలం పోగా నలభై ఏళ్లకు పైగా దాని పని అదే. కొత్తలో 5,000 మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేదట. తర్వాత తర్వాత ఆ సంఖ్య బాగా తగ్గించారు. దీని జంట ఓడ రోనాను 1943 నవంబరు 26న మధ్యధరా సముద్రంలో జర్మన్ విమానాలు ముంచేశాయి. అందులో వెయ్యిమందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ సైనికులకు లెక్క ఉంది, పేర్ల జాబితా ఉంది. రజులా డెక్కు మీద చాపలు పరుచుకుని సముద్రం దాటిన ఆడవాళ్ల లెక్క ఎవరి దగ్గరుందో వెతకాలి.

మా అమ్మ దాన్ని రజులమ్మ అనేది. పోలమ్మ, పైడితల్లి, నీలమ్మ అన్నంత సహజంగా. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర పల్లె మాది. యుద్ధానికి ముందే నాన్న మలయా వెళ్లి, పెరాక్‌లో ఒక రబ్బరు తోటలో తెలుగు బడి పంతులుగా కుదురుకున్నాడు. 1949లో వచ్చి పెళ్లి చేసుకుని అమ్మను తీసుకెళ్లాడు. అప్పటికి అమ్మకు పదిహేడేళ్లు. ఆమదాలవలసలో రైలెక్కడమే మొదటిసారి, మద్రాసు చూడడం మొదటిసారి, సముద్రం మధ్యలోకి పోవడం మొదటిసారి. నాగపట్నంలో ఓడ ఒడ్డుదాకా వచ్చేది కాదు. దూరాన లంగరు వేసుకుని నిలబడితే జనం పడవల మీద వచ్చి ఎక్కాలి. చంకన బిడ్డ, నెత్తిన మూట, పడవ లేచినప్పుడల్లా నిచ్చెన అందీ అందకుండా పోతుంటే చీర కచ్చ బిగించి ఎక్కుతున్న ఆడవాళ్లను అమ్మ పైనుంచి చూసింది. "ఆళ్లని సూసినాక నాకు బయమేసీలేదే" అనేది.

మేము తోటలో ఎలా బతికామో చెప్పకపోతే ఓడ అమ్మకు ఏమిటో అర్థం కాదు. పంతులుగారి భార్య అయినా అమ్మ రబ్బరు గీతకు వెళ్లేది. ఒక్క జీతంతో గడిచేది కాదు. నాలుగింటికి లేచి వంట చేసి, పెరట్టుకు గంట కొట్టేసరికి చీకట్లో వరుసలో నిలబడాలి. మండోరు పేర్లు పిలిచాక నుదుటికి దీపం కట్టుకుని చెట్టు చెట్టుకీ తిరగాలి. గీసిన చెట్లన్నిటికీ మళ్లీ తిరిగి పాలు పోగుచేసి, బకెట్లు కావిడి వేసుకుని కొట్టానికి మోయాలి. మధ్యాహ్నం లయానికి వస్తే మళ్లీ పొయ్యి, నీళ్లు, గుడ్డలు, పిల్లలు. మలయా తోటల్లో 1920ల చివర్లో నిర్ణయించిన ప్రామాణిక కూలి రోజుకు మగవాళ్లకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40. ఆ పది సెంట్ల తేడాకు ఏ కారణాలు రాసుకున్నా, ఇంటికొచ్చాక చేసే రెండో పూట చాకిరీకి మాత్రం ఏ లెక్కల పుస్తకంలోనూ గడి లేదు.

నేను 1953లో ఆ తోటలోనే పుట్టాను. నాకు ఎనిమిదేళ్లప్పుడు, 1961లో, అమ్మమ్మకు ఒంట్లో బాగులేదని ఉత్తరం వస్తే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ తీసుకుని పెనాంగ్‌లో రజులా ఎక్కింది. నాన్నకు సెలవు లేదు. మూడు చాపలు, ఒక ట్రంకుపెట్టె, గొడ్డలి మార్కు తైలం, అమ్మమ్మకు మైలో డబ్బా, ముగ్గురికీ టీకాల కాగితాలు. డెక్కు క్లాసు అంటే మంచం ఉండదు. మన చాప ఎక్కడ పరుచుకుంటే అదే మన గది. నెత్తిన కేన్వాసు గుడ్డ, కింద ఎండకు కాలే చెక్క, ఎటు చూసినా నీళ్లు. పైన కేబిన్లలో దొరలూ దొరసానులూ, కాస్త డబ్బున్న మనవాళ్లూ ఉండేవాళ్లు. వాళ్ల గ్లాసుల చప్పుడు, గ్రామఫోను పాట సాయంత్రం పూట కిందికి వినబడేవి.

ఉదయం గంట కొట్టారు. ఎనామిల్ పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. తెల్ల బనీను వేసుకున్న ఒక ముసలి వంటవాడు పెద్ద గంగాళంలోంచి గరిటెతో వేడి అన్నం తీసి అమ్మ పళ్లెంలో వేశాడు. పప్పు పోశాడు, కూర పెట్టాడు. అమ్మ అక్కడే నిలబడిపోయింది. వెనకనున్నవాళ్లు కదలమని కేకలు వేస్తున్నా కదల్లేదు. చాప దగ్గరకు వచ్చి కూర్చుని, ముద్ద కలుపుతూ, తనలో తాను నవ్వుకుంటూ ఉంది. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ఏం లేదంది. చాలా ఏళ్ల తర్వాత, ఆమె ముసలితనంలో, టేపురికార్డరు ముందు కూర్చోబెట్టి అదే ప్రశ్న మళ్లీ అడిగాను. అమ్మ ఆలోచించుకునే పని లేకుండా చెప్పింది: "ఒలే గుంటా, ఆ ఆరు దినాలూ నాకు పొయ్యి నేదే."

నాకు ఈ వాక్యం చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. పుట్టింట్లో ఉన్నా, అత్తింట్లో ఉన్నా, తోటలో లయంలో ఉన్నా పొయ్యి ఆమెదే. అమ్మమ్మ మంచాన పడి ఉంటే చూడడానికి వెళ్తే, ఆ ఇంట్లో పొయ్యి కూడా ఆమె కోసమే కాచుకుని ఉంది. ఈ కొసకూ ఆ కొసకూ మధ్య, ఎవరి ఇల్లూ కాని చోట, ఇనుముతో కట్టిన ఆ డెక్కు మీద మాత్రం ఆమె ఎవరికీ వండి పెట్టాల్సిన అవసరం లేదు. యాత్రాసాహిత్యంలో మగవాళ్లు ఇల్లు వదిలి వెళ్లడాన్ని సాహసంగా రాసుకున్నారు. అమ్మకు ప్రయాణం అంటే ఆరు రోజుల విశ్రాంతి. వేరే దేశం చూడడం ఆమె కోరిక కానే కాదు. పైగా మేం వెళ్తున్నది జబ్బు మనిషిని చూడడానికి. ఆ దిగులు ఒకవైపు ఉండగానే ఆమె నవ్వుకుంది.

డెక్కు మీద స్వర్గం ఏమీ లేదు. రెండో రోజుకే సముద్రం పోటెత్తి అందరికీ వాంతులు. ఉల్లిపాయ బస్తాల వాసన, తైలం వాసన, పుల్లటి వాంతుల వాసన. స్నానానికి ఉప్పునీళ్లు. జుట్టు తాడులా పేనుకుపోయేది. రాత్రిళ్లు ఆడవాళ్లం గుండ్రంగా చాపలు వేసుకుని, వయసు పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టి, పెద్దవాళ్లు అంచున పడుకునేవాళ్లు. ఎందుకో ఎవరూ వివరించలేదు. వివరించాల్సిన అవసరమూ లేదు. మరుగుదొడ్డికి ఒంటరిగా ఎవరూ వెళ్లేవాళ్లు కాదు, నలుగురైదుగురు కలిసి వెళ్లేవాళ్లు. ముట్టు గుడ్డలు ఉతికి, చీరల మాటున తాడు కట్టి ఆరేసుకునే ఏర్పాటు కూడా వాళ్లే చేసుకున్నారు. తోటలో ఒకరికొకరు ముఖం తెలియనివాళ్లు రెండో రోజుకల్లా అప్పా, వదినా, పిన్నీ అయిపోయారు.

అందరితోనూ వెంటనే కాదు. మాది తూర్పు కాపు కుటుంబం. అమ్మ మొదటి రోజు మా చాపకూ పక్క చాపకూ మధ్య ట్రంకుపెట్టెను అడ్డంగా గోడలా పెట్టింది. పక్క చాప మీద మాల కుటుంబం, సోంపేట వైపు వాళ్లు. మూడో రోజు అమ్మ తల ఎత్తలేకపోతుంటే ఆ పెట్టె అవతలినుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె నుదురు పట్టుకుంది. ఆవిడే అమ్మ నోరు కడిగింది, నిమ్మకాయ వాసన చూపించింది, తమ్ముణ్ణి తన ఒళ్లో పడుకోబెట్టుకుంది. సాయంత్రానికి పెట్టె వెనక్కి జరిగింది. ఇద్దరూ ఒకే తువ్వాలు మీద అటుకులు పోసుకుని తిన్నారు. మద్రాసు రేవులో దిగాక ఎవరి దారి వాళ్లది. ఆరు రోజుల స్నేహం ఊళ్లో వీధుల్ని కలపలేదు. ఆ సంగతి అమ్మకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఓడ మీద కులం పోతుందని మన పెద్దవాళ్లు భయపడ్డది ఇందుకేనేమో. పోయింది ఆరు రోజులే, కానీ పోవడం సాధ్యమేనని ఇద్దరు ఆడవాళ్లు కళ్లారా చూశారు.

ఖాళీ దొరికితే ఆడది ఏం చేస్తుంది? అమ్మ చదువుకుంది. నాన్న తోట పిల్లలందరికీ అక్షరాలు నేర్పాడు గానీ అమ్మకు నేర్పే తీరిక ఆయనకూ లేదు, నేర్చుకునే తీరిక ఆమెకూ లేదు. నాలుగో రోజున నేను పలక తీసి రాసుకుంటుంటే నా పక్కన చేరి, "ఇదేటి అచ్చరం?" అంది. మద్రాసు చేరేలోపు అచ్చులన్నీ దిద్దింది. తిరుగు ప్రయాణంలో హల్లులు, గుణింతాలు. ఇటు మూడు రోజులు, అటు ఆరు రోజులు, మొత్తం తొమ్మిది రోజుల బడి ఆమెది. పంతులు వయసు ఎనిమిదేళ్లు. లయానికి చేరాక పెరట్టు గంట మళ్లీ మొదలైంది. అయినా వచ్చిన అక్షరాలు పోలేదు. బియ్యం బస్తా మీద, క్యాలెండరు మీద, నాన్నకు వచ్చిన ఉత్తరాల మీద కూడబలుక్కుంటూ వాటిని నిలుపుకుంది.

ఆ చదువు 1970లో అక్కరకొచ్చింది. నన్ను విశాఖపట్నంలో కాలేజీలో చేర్పించడానికి అమ్మ మళ్లీ రజులా ఎక్కింది. మేం ఎక్కిన డెక్కు మాకు తెలిసిన డెక్కులా లేదు. పౌరసత్వం లేనివాళ్లు పని చేయాలంటే పర్మిట్ తీసుకోవాలని 1968లో మలేసియాలో చట్టం వచ్చింది. 1969 మే 13 అల్లర్ల తర్వాత దాన్ని గట్టిగా అమలు చేశారు. తోటల్లో తరాలుగా పనిచేస్తున్న వేలాదిమంది భారతీయులకు పని పోయింది. ఎర్ర కార్డు ఉన్నవాళ్లు మూటలు కట్టుకున్నారు. మా తోటలో నేను చూసిన సంగతి చెబుతాను. నీలం కార్డుకు దరఖాస్తు పెట్టుకోమని అన్నప్పుడు చాలా ఇళ్లలో మగవాళ్లు తమకు మాత్రమే పెట్టుకున్నారు. ఆడదానికి కాగితం దేనికి, మొగుడితో ఉంటుంది కదా అనుకున్నారు. కొన్ని ఇళ్లలో అసలు ఎవరూ పెట్టుకోలేదు. దరఖాస్తుకు పుట్టిన తేదీ కావాలి, సాక్ష్యం కావాలి. లయంలో మంత్రసాని చేతుల్లో పుట్టిన ఆడపిల్లకు సాక్ష్యం ఎవరు రాసిపెడతారు? అమ్మకు నాన్న పంతులు కావడం వల్ల ఆ కాగితం దొరికింది.

ఆ ఓడలో మలయాలోనే పుట్టి, ఇండియా ఎలా ఉంటుందో చూడనే చూడని ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లను వాళ్ల దేశానికే పంపిస్తున్నామని కాగితాల్లో రాశారు. పెనాంగ్ కొండ కనుమరుగయ్యేదాకా ఎవరూ చాపలు పరచలేదు. ఒకావిడ ఇరవై ఏళ్లు పాలు గీసిన కత్తిని గుడ్డలో చుట్టి తెచ్చుకుంది. అక్కడ రబ్బరు చెట్లుండవని ఎవరో అంటే, "తెలుసు, అయినా ఇది నాదే కదా" అంది. అమ్మ మొదటి రోజు అన్నం వరుసలో అలవాటుగా ముందుకెళ్లి, వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేవలేదని గమనించి ఆగిపోయింది. అన్నం తీసుకొచ్చి ఒక్కొక్కరి దగ్గరా పెట్టింది. ఆ ప్రయాణంలో ఆమెకు విశ్రాంతి లేదు.

మూడో రోజు రాత్రి ఆ కత్తి తెచ్చుకున్నావిడ అమ్మతో అన్న మాట నాకు బాగా గుర్తుంది. "నీకు ఎల్లినా తిరిగి ఒచ్చీడానికి కాయితం ఉన్నాది అప్పా. మాకు ఎల్లడమే." అమ్మ దానికి సమాధానం చెప్పలేదు. తెల్లారాక నా సంచిలోంచి కొత్త నోటుబుక్కు ఒకటి తీసుకుంది. కాలేజీ కోసం కొనుక్కున్నది. చాప చాపకూ వెళ్లి కూర్చుని పేరు, తోట పేరు, వెళ్లబోయే ఊరు, అక్కడ ఎవరున్నారో రాసింది. ఒక్కో పేరుకు పది నిమిషాలు పట్టేది. ఒత్తులు తప్పులు, దీర్ఘాలు తప్పులు. నేను రాసిపెడతానన్నాను. వద్దంది. మొత్తం ఇరవై ఏడు పేర్లు. మొగుళ్ల పేర్లు అడగలేదు, ఆడవాళ్ల పేర్లే రాసింది.

ఆ నోటుబుక్కు చాలా ఏళ్లు నా పెట్టెలో అడుగున ఉండిపోయింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మా తరం ఆడవాళ్లకు ఒక దారి చూపించింది. పక్కన కూర్చుని అడిగితే ఆడవాళ్లు తమ చరిత్ర తామే చెబుతారని ఆ పుస్తకం నేర్పింది. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో టేపురికార్డరు పట్టుకుని పలాస, సోంపేట, నరసన్నపేట, చీపురుపల్లి వైపు ఊళ్లు తిరిగాను. 1994 నుంచి మూడేళ్లు. ఇరవై ఏడుగురిలో పదకొండుమంది జాడ తెలిసింది. వాళ్లలో ఏడుగురితో మాట్లాడగలిగాను. తిరిగొచ్చిన కొత్తలో ఊరు వాళ్లను 'మలయావోళ్లు' అందట. భాషలో అరవం, మలాయి మాటలు దొర్లుతాయని నవ్వారట. బంధువుల ఇంట్లో వసారాలో ఏళ్లు గడిపినవాళ్లున్నారు. జీడిపప్పు కొట్టాల్లో పని చేసి వేళ్లు కాల్చుకున్నవాళ్లున్నారు. కత్తి తెచ్చుకున్నావిడ అప్పటికే లేదు. కోడలు ఆ కత్తితో కొబ్బరి పీచు తీస్తోంది.

వాళ్లందరినీ నేను ఓడ గురించి అడిగాను. కోపం, ఏడుపు వస్తాయనుకునే ప్రశ్న అది. ఏడుపు వచ్చింది కూడా. కానీ ఏడుగురిలో అయిదుగురు, కళ్లు తుడుచుకున్నాక, దాదాపు ఒకే మాట అన్నారు. ఓడలో బాగుండేదమ్మా అన్నారు. కూకున్నకాడికి అన్నం ఒచ్చీది అన్నారు. సముద్రం గాలికి నిద్ర పట్టీది అన్నారు. సర్వం పోగొట్టుకుని వస్తున్న ఆడవాళ్లకు, ఆ పోగొట్టుకున్న వారం రోజులే జీవితంలో దొరికిన విశ్రాంతి. విమర్శకులుగా మనం ఈ ఇష్టాన్ని ఏం చేయాలి? భ్రమ అని కొట్టిపారేయవచ్చు. వలస పాలన లాభాల కోసం నడిచిన ఓడ అది, కంగాణీలు మనుషుల్ని తోలుకెళ్లిన దారి అది. నైపుణ్యం లేని కూలీల వలసను భారత ప్రభుత్వం 1938లో నిషేధించేదాకా ఆ డెక్కు మీద ఏ పరిస్థితిలో జనాన్ని కుక్కారో చరిత్ర ఉంది. ఇవన్నీ తెలిసి కూడా వాళ్ల ఇష్టాన్ని తీసి పక్కన పెట్టడానికి నాకు మనసొప్పదు. ఆడవాళ్ల ఇష్టాలు వాళ్ల మిగతా జీవితం ఎంత బరువైనదో కొలిచి చూపే తూకపు రాళ్లు. ఇనప డెక్కు మీద, ఉప్పునీళ్ల స్నానంతో, వాంతుల మధ్య గడిపిన ఆరు రోజులు హాయిగా అనిపించాయంటే మిగతా రోజులు ఎలాంటివో ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతీ రాయాలి. అమ్మకు దొరికిన ఆ విశ్రాంతి ఇంకొకరి శ్రమ. గంగాళాల ముందు చెమటలు కక్కిన వంటవాళ్లు, డెక్కు కడిగిన లస్కర్లు మనలాంటి పేద ఇళ్ల మగవాళ్లే. నెలల తరబడి వాళ్లు సముద్రం మీద ఉంటే, ఎక్కడో తీరాన ఆ మనిషి భార్య పొయ్యి ముందు కూర్చుని ఒంటరిగా పిల్లల్ని సాకుతూ ఉండి ఉంటుంది. అమ్మకు ఈ ఆలోచన నేను చెప్పక్కర్లేకపోయింది. ఓడ దిగేటప్పుడు ఆ ముసలి వంటవాడి దగ్గరకు వెళ్లి, "నీ ఇంటిది బాగుందా బాబూ?" అని తెలుగులో అడిగింది. ఆయనకు తెలుగు రాదు. నవ్వి నమస్కారం పెట్టాడు.

తెలుగు ఆడవాళ్ల సముద్ర ప్రయాణం అనగానే మనకు పోతం జానకమ్మ గుర్తొస్తుంది. ఆమె ఇంగ్లండ్ యాత్ర 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చింది. అంత తొలినాళ్లలో ఒక తెలుగు స్త్రీ సముద్రం దాటి తన కళ్లతో చూసింది రాయడం మనం గర్వించాల్సిన విషయమే. ఆ పుస్తకం పక్కన ఇంకో అర ఖాళీగా ఉంది. డెక్కు క్లాసులో వెళ్లిన వేల తెలుగు ఆడవాళ్లు రాయలేదు. రాయడం వచ్చి ఉంటే ఏం రాసేవాళ్లో మా అమ్మ నోటుబుక్కు కొంచెం చెబుతుంది. ఆమె తన ప్రయాణం గురించి ఒక్క ముక్క రాయలేదు. పక్కవాళ్ల పేర్లు రాసింది.

1973లో రజులాను షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు అమ్మేశారు. రంగత్ అని పేరు మార్చారు. మరుసటి ఏడు బొంబాయిలో ముక్కలు చేసేశారు. ఆ దారిలో తర్వాత తిరిగిన చిదంబరం ఓడలో 1985 ఫిబ్రవరిలో మంటలు లేచి ముప్పై మందికి పైగా చనిపోయారు. దాంతో మద్రాసు–సింగపూర్ ప్రయాణికుల ఓడల కాలం ముగిసింది. ఇప్పుడు విశాఖ నుంచి మలేసియాకు కొన్ని గంటల ప్రయాణం. అమ్మ ఒకసారి విమానం ఎక్కింది. ఎలా ఉందంటే, "పొద్దున్న ఈ పొయ్యి, సాయంత్రం ఆ పొయ్యి" అంది.

అమ్మ 2011లో పోయింది. నోటుబుక్కులోని పదహారు పేర్లకు ఇంకా ఊరు దొరకలేదు. కొన్ని ఊళ్ల పేర్లు ఆమె రాతలో స్పష్టంగా లేవు. ఒకటి 'బొ' అని మొదలై చివర చెమ్మకు చెరిగిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పని చేస్తున్న పరిశోధక విద్యార్థినులు ఎవరైనా, 1970 ప్రాంతాల్లో మలయా నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్లున్న ఇల్లు తెలిస్తే ఒకసారి వెళ్లి కూర్చోండి. ముందు ఓడలో అన్నం ఎలా ఉండేదని అడగండి. తక్కినవన్నీ వాళ్లే చెబుతారు.